దాదర్ లెక్క

శివరాం ఆ నల్లబల్లను ఎక్కణ్ణుంచి తెచ్చాడో గాని, దాన్ని సైటు గేటు పక్కన మేకు కొట్టి తగిలించిన రోజు నుంచి పెంటయ్య మేస్త్రీకి అన్నం సయించడం మానేసింది. బల్ల మీద రెండే అంకెలు. ఎడమవైపు దాదర్ సైటు, పదకొండు. కుడివైపు వీళ్ళది, నాగ్‌పాడా, ఏడు. గంటకు ఎన్ని బస్తాల సిమెంటు కలిపి స్లాబు మీదికి చేర్చారన్నది ఆ లెక్క. పెంటయ్యకు చదువు రాదు. అయినా ఆ రెండు అంకెల్ని వీధి చివర నుంచే గుర్తుపట్టేవాడు. ఆ ఏడును ఎవరో తన మొహం మీదే రాసినట్టు తల వంచుకుని గేటు దాటేవాడు.

శివరాం పరాయివాడేం కాదు. కామాఠీపురా పదో గల్లీలో పుట్టినవాడు. వాళ్ళ తాత కూడా పాలమూరు నుంచి వచ్చి ఈ ఊళ్ళో రాళ్ళు మోసినవాడే. మనవడు నాలుగక్షరాలు నేర్చి సూపర్‌వైజరయ్యాడు. కంపెనీవాళ్ళు ఎక్కడో రెండు రోజుల క్లాసుకు పంపితే వెళ్ళి కొత్త విద్య ఒకటి పట్టుకొచ్చాడు. అందరికంటే బాగా చేసేవాణ్ణి వెతకాలి, వాడికీ మనకూ తేడా ఎంతో కొలవాలి, ఆ తేడా ఎక్కడుందో పట్టుకోవాలి, వాడి పద్ధతి తెచ్చి మన దగ్గర పెట్టాలి. అంతే విద్య. చెప్పడానికి ఎంత తేలికో చూడండి.

“బగ్, ఇటు చూడు మేస్త్రీ, నాకు నీ మీద గుస్సా లేదు,” అన్నాడు శివరాం ఆ శనివారం. “సాహెబ్‌కు ఫక్త్ నంబర్ కావాలె, ఇంకేం వద్దు. రెండు జాగలల్ల అదే మిషను, అదే ఎత్తు. లైనుల ఆడ గూడ పన్నెండు మంది ఆడోళ్ళు, ఈడ గూడ పన్నెండు మందే. మల్ల రాజమల్లు గ్యాంగుకు పదకొండు ఎట్లొస్తుంది, నీకు ఏడెందుకొస్తుంది?”

“మావోళ్ళు ఒళ్ళు దాసుకునేటోళ్ళు గాదు సారూ.”

“నేనట్ల అన్ననా? సోమారం దాదర్‌ల స్లాబుంది. పోయి కూసో. దినమంత చూడు. ఆయన తాన ఏముంది, నీ తాన ఏం లేదు, గది పట్టుకొని రా. బేస్తారం మన స్లాబు నాలుగు కొట్టేలోపల పడాలె. లేకుంటే మీదున్న అయిదు స్లాబులు రాజమల్లుకే ఇస్తమంటున్నడు సాహెబ్. నా చేతిల ఏం లేదు.”

ఎనభై ఆరో సంవత్సరం అది. పాలమూరులో వరసగా మూడో ఏడు వానలు మొహం చాటేశాయి. ఊళ్ళో పెంటయ్య భార్య కడవెడు నీళ్ళకు మైలు నడుస్తోంది. పన్నెండు జంటల్ని “నా వెంట రండి, పనికి నాది పూచీ” అని బస్సెక్కించి తెచ్చింది పెంటయ్యే. ఫోరస్ రోడ్ పక్కన ఒక చాల్లో, అంటే వరస గదుల పాత మేడలో, రెండు గదుల్లో, గది ముందు వరండాలో, మెట్ల కింద సర్దుకుని పడుకుంటున్నారు అందరూ. ఈ సైటు పోతే పొద్దున్నే కూలీల అడ్డా మీద నిలబడి, ఎవడు వేలు చూపిస్తాడా అని బిక్కమొహం వేసుకుని చూడాలి. అక్కడ ఇద్దర్ని పిలుస్తారు, నలుగుర్ని పిలుస్తారు గాని పన్నెండు జంటల్ని ఎవడూ పిలవడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

సోమవారం తెల్లవారగానే దాదర్ వెళ్ళాడు. అక్కడి మేస్త్రీ రాజమల్లుది వీళ్ళ పక్క ఊరే. వచ్చిన పని చెప్పడానికి పెంటయ్య నోరు రాక నీళ్ళు నములుతుంటే రాజమల్లే నవ్వేశాడు.

“శివరాం సారు కబురంపిండులే అన్నా. దాసుకునేదేముంది? సూడు. కడుపునిండ సూడు.”

పెంటయ్య కుప్పలోంచి గుప్పెడు కంకరరాళ్ళు తీసుకుని ఎడమ జేబులో పోసుకున్నాడు. పది తట్టలు పైకి వెళ్తే ఒక రాయి కుడి జేబులోకి. అలా మధ్యాహ్నం దాకా రెప్పవాల్చకుండా కూర్చున్నాడు. తట్టల్ని లెక్కపెట్టాడు, అడుగుల్ని లెక్కపెట్టాడు, పారలు ఎత్తే ఊపునూ లెక్కపెట్టాడు. ఎండ నెత్తికొచ్చేసరికి అతనికి విషయం అంతుపట్టింది. 

పెంటయ్య గుంపులో ఏ ఆడమనిషి తట్టనైనా ఆమె మొగుడే నింపుతాడు, మొగుడే ఎత్తుతాడు. ఎవరో పెట్టిన రూలు కాదది. తట్ట నెత్తికెత్తేటప్పుడు మనిషికి మనిషి ఊపిరి తగిలేంత దగ్గరగా నిలబడాలి. పరాయి మగవాడు అంత దగ్గరికి రావడం వాళ్ళలో మర్యాద కాదు. అందుకని పైనుంచి ఖాళీ తట్టతో దిగిన మనిషి, తన మొగుడు మిషనుకు ఇసుక మోస్తుంటే, వాడు వచ్చేదాకా నిలబడుతుంది, పక్కన ఇంకో పార ఖాళీగా ఉన్నా సరే. పైగా మొగుడాయె. భార్యకు జ్వరం తగిలిన రోజు తట్ట ముప్పావే నిండుతుంది. నడుం నొప్పన్న రోజు సగమే. ఎంత నింపాడో వాడికీ ఆమెకూ మాత్రమే తెలుసు.

రాజమల్లు దగ్గర ఆ ముచ్చటే లేదు. నలుగురు మగవాళ్ళకు నింపడమే పని, మిగిలినవాళ్ళకు మిషను పనే. ఆడవాళ్ళు ఏ పార ఖాళీగా ఉంటే దాని ముందుకు వస్తారు. తట్ట అంచు వరకు నిండుతుంది, లేస్తుంది, వెళ్తుంది. ఎవరూ ఎవరి కోసమూ ఆగరు. నాలుగు బస్తాల తేడా అంతా ఆ నిలబడటంలోనూ ఆ సగం తట్టల్లోనూ ఉంది.

గోడ నీడన ముగ్గురు ఆడవాళ్ళు పసిపిల్లల్ని వేసుకుని కూర్చున్నారు. వాళ్ళలో ఒకామె మధ్యమధ్య లేచి స్తంభాలకు చుట్టిన గోనెపట్టాలు తడుపుతోంది. ఇన్ని చేతుల్ని ఊరకే కూర్చోబెట్టి కూడా పదకొండు తెస్తున్నాడా అని పెంటయ్య ఆశ్చర్యపోయాడు. తన దగ్గర ఒక్కరు కూడా కూర్చోరు. అంటే తనకు పన్నెండైనా రావచ్చు. ఆ ఆశతో రాళ్ళు పారబోసి లేచాడు.

ఆ సాయంత్రం చాల్ వరండాలో అందర్నీ కూర్చోబెట్టి చెప్పాడు. బేస్తవారం నుంచి నలుగురే నింపుతారు, తట్టలన్నీ అంచు దాకా నింపుతారు, ఎవరి పార ఖాళీగా ఉంటే వాళ్ళ దగ్గరికి ఆడవాళ్ళు పోవాలి.  గుంపులో అందరికంటే పెద్దది ఎల్లమ్మ, పెంటయ్యకు అక్క వరస. ఆమే నోరు విప్పింది.

“పులిని జూసి నక్క వాతలు వెట్టుకున్నట్టున్నది తమ్మీ నీ యవ్వారం. పరాయి మొగోడు మా నెత్తిమీద తట్ట వెడ్తడా?”

“నెత్తిమీద తట్ట లేకుంటే నోట్లెకు బువ్వ గూడ లేదక్కా,” అన్నాడు పెంటయ్య. “ఊరికి పోదమా? పోయి ఏం తింటం? మీరు జెప్పుండ్రి, నేనింటా.”

  ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయాక సాయిలు మాత్రం వరండా కటకటాలు పట్టుకుని నిలబడిపోయాడు. సాయిలు పెంటయ్యకు అల్లుడు. కూతురు యాదమ్మను అతనికిచ్చి రెండేళ్ళవుతోంది.

“మామా,” అన్నాడు సాయిలు, నేలకేసి చూస్తూ. “యాదమ్మ తట్ట నేనే నింపుత. గా ఒక్కదానికి.”

“ఎందుకు?”

సాయిలు కాలి బొటనవేలితో నేలను రాశాడు. అతను చెప్పలేనిదేమిటో మనం చెప్పుకోవచ్చు. యాదమ్మకు నాలుగో నెల. తొలిచూలు కబురు తండ్రి చెవిన వేయాల్సింది తల్లి. అల్లుడు మామతో అనే మాట కాదది, కూతురు అసలే అనదు. తల్లేమో ఊళ్ళో ఉంది. అందుకని నెల రోజులుగా సాయిలు ఎవరికీ తెలియకుండా భార్య తట్టలో సగమే నింపుతున్నాడు. ఆ సగం తట్టే వాళ్ళ రహస్యం.

“ఊకెనే,” అన్నాడు చివరికి.

“మేస్త్రీ బిడ్డకొక రూలు, మందికొక రూలా? రేపు నా మాట ఎవడింటడు సాయిలూ? ఇంకోపాలి గా మాట నా ముంగట తేకు.”

పెంటయ్య దుర్మార్గుడు కాదు. గజగజ వణికిపోతున్నాడు, అంతే. వణికేవాడి చేతిలో ఏది పెట్టినా ఒలికిపోతుంది.

బేస్తవారం ఏడు గంటలకే మిషను మొదలైంది. స్లాబు పని తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. మొదలుపెట్టాక దాన్ని మధ్యలో ఆపకూడదు. ఆగితే పోసింది ఆరిపోయి కొత్తదానితో కలవదు, అక్కడ అతుకు పడుతుంది, ఆ అతుకులోంచి వాన పడ్డప్పుడల్లా నీళ్ళు కారుతూనే ఉంటాయి. స్లాబు ఆపిన మేస్త్రీని మళ్ళీ ఏ సైటులోనూ కాలుపెట్టనివ్వరు.

పని మొదలయ్యే ముందు ఎల్లమ్మ దగ్గరికొచ్చి మెల్లగా అంది, “యాదమ్మను ఇయ్యాల పిల్లల కాడ కూసోవెట్టు తమ్మీ.”

“పన్నెండు మంది లేకుంటే పదకొండు ఎట్లొస్తదక్కా? నా బిడ్డనే కూసోవెడితే మిగిలినోళ్ళు ఊకుంటరా?”

ఎందుకక్కా అని అడిగి ఉంటే సరిపోయేది. ఆ ఒక్క మాటా అడగలేదు పెంటయ్య. ఎల్లమ్మ ఇంకేదో అనబోయింది. ఈలోపు శివరాం గడియారం చూసుకుంటూ ఈల ఊదాడు.

మామూలుగా స్లాబు రోజు పెంటయ్య పార ముట్టడు, అరుస్తూ అటూఇటూ తిరుగుతాడు. ఆ రోజు పంచె ఎగగట్టి తనే ఒక పార పట్టుకున్నాడు. గుంపులోని బుచ్చయ్య, సాయిలు, మరొకడు మిగిలిన మూడు పారలూ తీసుకున్నారు. మొదట్లో ఆడవాళ్ళు తడబడ్డారు. అలవాటు కొద్దీ మొగుళ్ళ దగ్గరికి నడిచి, మేస్త్రీ అరుపు విని వెనక్కి తిరిగారు. తట్ట ఎత్తించుకునేటప్పుడు కొంగు మొహం మీదికి లాక్కున్నారు. గంట గడిచేసరికి సిగ్గుపడటానికి కూడా తీరిక లేకపోయింది. తొమ్మిదింటికి శివరాం నల్లబల్ల మీద తొమ్మిది వేశాడు. పదింటికి పదకొండు. పదకొండింటికి పన్నెండు.

యాదమ్మ మొదటిసారి సాయిలు పార ముందుకు వెళ్ళబోతే పెంటయ్య ఒక్క కేక వేశాడు. ఆ తర్వాత ఆమె సాయిలు వైపు వెళ్ళలేదు. ఎప్పుడు దిగివచ్చినా తండ్రి పార ముందుకే వచ్చేది. అందరూ చూస్తున్నారన్న స్పృహతో పెంటయ్య కూతురి తట్టను అంచు దాకా నింపి, పైన ఇంకో అరపార వేసేవాడు. మేస్త్రీ తన బిడ్డకు తేలికగా నింపాడన్న మాట పడకూడదు. తట్ట ఎత్తుతుంటే ఆమె కింది పెదవి పళ్ళతో బిగబట్టడం కనిపించింది. కష్టపడుతోందనుకున్నాడు. కష్టపడనిదెవరు?

“బుచ్చయ్య పార ఖాళీగున్నది గద, ఆడికి పో,” అన్నాడొకసారి. “దగ్గరున్న కాడికి పోవాలె. గదే దాదర్ లెక్క.”

యాదమ్మ తట్ట సర్దుకుని పైకి నడిచింది. మరుసటిసారి కూడా తండ్రి ముందుకే వచ్చింది.

రెండు దాటాక, స్లాబు మీదికెక్కే చెక్కబల్లల దారి మొదట్లో తట్ట పడిన చప్పుడైంది. సిమెంటు నేలపాలైనందుకు తిట్టబోతూ తలెత్తిన పెంటయ్యకు, రెండు చేతులతో పొట్ట పట్టుకుని కూలబడిన కూతురు కనిపించింది. ఎల్లమ్మ తన తట్ట అక్కడే పడేసి పరుగెత్తింది. యాదమ్మ చీర తడిసిన చోటు చూసి తన కొంగు విప్పి కప్పింది.

“కడుపుతోనున్నదిరా పొల్ల,” అంది పెంటయ్యతో. “నాలుగో నెల. నీకు జెప్పేటోళ్ళు లేకపాయె. దవఖానకు తీస్కపోవాలె.”

 మిషను తిరుగుతూనే ఉంది. పైన ముప్పావు వంతు పడిన స్లాబు, ఇంకా పచ్చిగా, మిగతా పావు కోసం చూస్తోంది. మిగిలిన ఆడవాళ్ళు ఖాళీ తట్టలతో వరసలో నిలబడిపోయారు. శివరాం దూరం నుంచి, ఏమైంది మేస్త్రీ, ఎందుకు ఆగింది అని అరుస్తున్నాడు. వెళ్ళాలని ఉంది పెంటయ్యకు. బిడ్డను భుజాన వేసుకుని పరుగెత్తాలని ఉంది. పార మాత్రం చేతిలోంచి జారలేదు.

“అక్కా, నువ్వు తీస్కపో. టాక్సీల తీస్కపో. గంటన్నర పని... ఐపోంగనే నేనొస్త,” అన్నాడు. ఆ గొంతు తనదేనా అని అతనికే అనుమానం వచ్చింది.

సాయిలు పార విసిరికొట్టాడు. అది కంకరకుప్పకు తగిలి ఖంగుమంది. మామ మొహం కూడా చూడకుండా భార్యను రెండు చేతుల మీదా ఎత్తుకుని గేటు వైపు నడిచాడు. వెనకే ఎల్లమ్మ. పెంటయ్య సాయిలు పారను కూడా తన పక్కకు లాక్కుని, మిగిలిన పదిమంది ఆడవాళ్ళ వైపు తిరిగి, “రాండ్రి, రాండ్రి,” అన్నాడు. వాళ్ళు వచ్చారు. ఏడుస్తూనే నింపాడు, ఏడుస్తూనే ఎత్తాడు. ఎవరి తట్టా తేలిక కాలేదు.

నాలుగుకు పది నిమిషాలుండగా స్లాబు పూర్తయింది. శివరాం పేడా మిఠాయిల పొట్లం పట్టుకుని వచ్చాడు. మొత్తం మీద సగటు పదకొండున్నర వచ్చిందట. అయిదు స్లాబులూ ఇక నీవే మేస్త్రీ అన్నాడు. రేపటి నుంచి మిగతా సైట్లవాళ్ళకు నీ నంబరే చూపిస్తాం అన్నాడు. సిమెంటు చేతుల్తోనే గేటు దాటి పరుగెత్తుతున్న మనిషిని చూసి, సంతోషం ఎక్కువై పిచ్చెక్కిందేమో అనుకున్నాడు పాపం. గేటు దాటించిన ఆడమనిషికి ఎండదెబ్బ తగిలిందనే అతను అనుకున్నాడు, ఎవరూ అసలు విషయం చెప్పలేదు.

ఆసుపత్రి మెట్ల మీద సాయిలు కూర్చుని ఉన్నాడు. మామను చూసి లేవలేదు.

“పోయింది,” అన్నాడు. “యాదమ్మ బతికింది. గదే పోయింది.”

ఆదివారం కబురు తెలిసి రాజమల్లు చాల్‌కు వచ్చాడు. వరండాలో గోడకానుకుని కూర్చున్న పెంటయ్య అతన్ని చూడగానే మండిపడ్డాడు. ఎవరి మీద మండిపడాలో తెలియని మనిషికి ఎదురుగా వచ్చినవాడే దొరుకుతాడు.

“నీ పద్ధతి నా బిడ్డ కడుపు మింగింది రాజమల్లూ. గసుంటి పని నాకెందుకు సూపిచ్చినవ్?”

రాజమల్లు కోపం తెచ్చుకోలేదు. పక్కన చతికిలబడ్డాడు.

“అన్నా, ఆ దినం నీడల ముగ్గురు కూసున్నరు, జూసినవా?”

“జూసిన.”

“ఎవరని అడిగినవా?” అన్నాడు రాజమల్లు. “ఒకామె కడుపుతోనున్నది. ఒకామె బాలింత. మూడో ఆమెది ఆ గంట కూసునే వంతు. మా తాన ఆడోళ్ళు పదైదు మందన్నా. పన్నెండు మందే వరసల ఉంటరు. ఒకరు దిగితే ఒకరెక్కుతరు. నిండు తట్ట మొయ్యాల్నంటే నడుమ నడుమ కూసోవాలె గద మనిషి. శివరాం సారు వరసలున్నోళ్ళనే రాసుకున్నడు. నువ్వు గూడ గంతే జూసినవ్. అడిగితే నేను జెప్పకపోదునా?”

 పెంటయ్య మధ్యాహ్నం దాకా కూర్చుని రాళ్ళు మార్చాడు గాని ఒక్క మాట అడగలేదు. దాదర్‌లో ఆ ముగ్గుర్నీ చూసి రాజమల్లును వెర్రివాడనుకున్నాడు. ఎల్లమ్మనూ అడగలేదు, సాయిలునూ అడగలేదు. రాజమల్లు కాసేపు అతని భుజం మీద చెయ్యి వేసి కూర్చుని, చీకటి పడక ముందే వెళ్ళిపోయాడు.

పెంటయ్య లేచి గదిలోకి వెళ్ళాడు. యాదమ్మ గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. ఎల్లమ్మ గంజి గిన్నె తీసుకుని బయటికి నడిచింది. ఆసుపత్రి నుంచి తెచ్చిన దగ్గర్నుంచి తండ్రీ కూతుళ్ళు ఒక్క మాటా మాట్లాడుకోలేదు. పెంటయ్య ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాడు.

“బిడ్డా, నాకెవ్వరూ జెప్పలే. తెలిస్తే అట్ల జేద్దునా? నాకు తెల్వదు బిడ్డా.”

“తెల్వదని ఎరుకే నాయినా,” అంది యాదమ్మ, ఇటు తిరగకుండానే. ఆమె గొంతులో కోపం లేదు, అలసట ఉంది. దుప్పటి భుజం మీదికి లాక్కుని మళ్ళీ అంది.

“బుచ్చయ్య పార ఖాళీగనే ఉండె. నువ్వయితే జర తేలికగ నింపుతవని, ప్రతిపాలి నీ కాడికే వచ్చిన.”